బంగారం విలువ చరిత్రను పరిశోధించాలంటే: ముందు గ్రాములు, తర్వాతే ధర

మీరు అడిగినవి రెండు. బంగారానికి ఇంత విలువ ఎలా వచ్చిందో ఆరువేల ఏళ్ల చరిత్రగా ఒక పెద్ద వ్యాసం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఒకటి. ఇంటర్నెట్‌లో దొరికిన, క్రీ.పూ. 600 నుంచి ఇప్పటిదాకా ఔన్సు ధరను ఒకే గీతగా చూపించే గ్రాఫును వాడుకోవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ఒక్క ముక్క: వాడకండి. ఎందుకన్నది మొదటిదాని జవాబులోనే తేలుతుంది, అది కాస్త పొడుగు.

ఆరువేల ఏళ్లనీ ఒకే ప్రశ్నతో పట్టుకోవాలని చూస్తే పరిశోధన జరగదు. మెరుస్తుంది, తుప్పు పట్టదు, అరుదుగా దొరుకుతుంది, అందుకని అందరూ కోరుకున్నారు అని నాలుగు వాక్యాలు రాసేసరికి ఆ ప్రశ్న అయిపోతుంది. చరిత్రలో బంగారం మూడు వేర్వేరు పాత్రల్లో కనిపిస్తుంది: హోదాను చాటే వస్తువుగా, ధర కట్టి అమ్మే సరుకుగా, మిగతా సరుకులకు ధర కట్టే డబ్బుగా. మూడింటికీ ఆధారాలు వేరు, వచ్చే తప్పులు వేరు. మీ వ్యాసం వీటిలో దేని గురించో ముందే తేల్చుకోండి.

మొదటి పాత్రకు తిరుగులేని ఉదాహరణ బల్గేరియాలోని వార్నా శ్మశానం. 1972లో బయటపడింది. క్రీ.పూ. 4600–4300 మధ్యది. సుమారు 300 సమాధుల్లో మూడు వేలకు పైగా బంగారు వస్తువులు, మొత్తం దాదాపు 6 కిలోలు దొరికాయి. అందులో చాలా భాగం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సమాధుల్లోనే ఉంది. 43వ సమాధిలోని ఒక్క మగమనిషి మీదే దాదాపు కిలోన్నర. ఇక్కడ ధర లేదు, రాత లేదు. కానీ పంపకం ఉంది. ఎవరి దగ్గర ఎంత ఉందన్నదే ఇక్కడి విలువకు కొలమానం. ఇలాంటి చోట 'ఇప్పటి ధరలో ఇన్ని కోట్లు' అని రాయడం పత్రికలకు పనికొస్తుందేమో, పరిశోధనకు పనికిరాదు.

రెండో పాత్ర చాలామందికి తట్టదు. మెసపొటేమియాలో చాలా కాలం డబ్బుగా చెలామణి అయింది వెండి. బంగారం వెండితో ధర కట్టే సరుకు, రాగి లాగా, తగరం లాగా. క్రీ.పూ. 14వ శతాబ్దంలో కస్సైటుల పాలనలో బాబిలోనియాలో ధరలను బంగారంలో లెక్కగట్టిన పత్రాలు కనిపిస్తాయి, తర్వాత మళ్లీ వెండే. కాబట్టి 'అనాదిగా బంగారమే డబ్బు' అన్న వాక్యం మీ డ్రాఫ్టులో ఉంటే ముందు అది కొట్టెయ్యండి. అమెరికా ఖండాల నుంచి స్పెయిన్‌కు 1503–1650 మధ్య రిజిస్టర్లకెక్కి చేరిన లోహం చూడండి. బంగారం 180 టన్నుల చుట్టూ ఉంటే వెండి 16,000 టన్నులకు పైమాటే. సినిమాల్లో బంగారు ఓడలే కానీ, ఆ ఓడలు మోసింది ప్రధానంగా వెండిని.

ఇక అసలు పని. ఏ కాలమైనా, ఏ దేశమైనా, దొరికిన ప్రతి అంకెనూ మేలిమి బంగారం గ్రాముల్లోకి మార్చాకే వాడండి. దీనికోసం ఒక పట్టిక పెట్టుకోండి. ఆధారంలో ఉన్న అంకె ఉన్నది ఉన్నట్టుగా, దాని కొలమానం, ఆ కొలమానం గ్రాముల్లో (కనిష్ఠం, గరిష్ఠం రెండూ), మేలిమి, రాసినవాడెవరు, ఎందుకు రాశాడు, ఎప్పుడు రాశాడు. చివరి మూడు గళ్లనూ ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. తప్పులు పుట్టేది అక్కడే.

ఒక లెక్క చేసి చూపిస్తాను. దక్షిణ అమెరికాలోని 'ఇంకా' రాజ్యపు చక్రవర్తి అటావాల్పాను పెరూలోని కహామార్కాలో బంధించి స్పెయినువాళ్లు తీసుకున్న విడుదల సొమ్ము 1533లో కరిగించి పంచారు. నోటరీ రాసిన లెక్కలో బంగారం మొత్తం 13,26,539 పెసోలు. పెసో అనగానే 27 గ్రాముల వెండి నాణెం గుర్తొచ్చి గుణిస్తే 35 టన్నులు దాటుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే పెద్ద పెద్ద అంకెలు కొన్ని ఇలా పుట్టినవే. కానీ ఇక్కడి 'పెసో దె ఓరో' నాణెం కాదు, బరువు. స్పెయిన్‌లోని కాస్తీలు రాజ్యపు తూకం, మార్కు, 230 గ్రాములు; అందులో యాభయ్యో వంతు, అంటే 4.6 గ్రాములు. గుణిస్తే సుమారు 6,100 కిలోలు. ఇది 22½ క్యారెట్ల లెక్క, కాబట్టి 24కి 22.5 చొప్పున తగ్గిస్తే మేలిమి బంగారం 5,720 కిలోల చిల్లర. ఇప్పుడిది వాడదగ్గ అంకె. రాసింది ఎందుకు? రాజుగారి ఐదో వంతు తేల్చడానికీ, సైనికుల వాటాలకీ. అంటే ఎవడైనా నడుముకు దోపుకుని పోయింది ఈ లెక్కలో ఉండదు. మీరు రాయాల్సింది 'కరిగించి లెక్కకెక్కినది ఇంత' అని. 'ఇంకాల దగ్గర ఉన్నది ఇంత' అని కాదు.

ఇదే ఉదాహరణ ఇంకో సంగతి కూడా చెబుతుంది. కరిగిపోవడం బంగారానికి నిత్యకృత్యం. మ్యూజియంలో ఉన్నవి కరగకుండా మిగిలినవి: సమాధుల్లోవి, పోగొట్టుకున్నవి, దాచి మళ్లీ తవ్వుకోలేకపోయినవి. వాటిని చూసి ఆ కాలంలో బంగారం ఎంత చలామణిలో ఉండేదో అంచనా కట్టకూడదు. నాణేల నిధులు ఎక్కువగా దొరికిన దశాబ్దం సంపన్నమైనదని రాసేస్తుంటారు. తరచుగా సంగతి తిరగేసి ఉంటుంది. దాచినవాడు తిరిగి రాలేదు కాబట్టే నిధి మనకు దొరికింది, అంటే అది యుద్ధమో, వలసో జరిగిన కాలం. నిధిలో చివరి నాణెం తేదీ 'దీనికి ముందు దాచలేదు' అని మాత్రమే చెబుతుంది. పైగా దాచుకునేవాడు బరువైన మంచి నాణేలే ఏరి దాస్తాడు. కనుక నిధిలోని సగటు బరువు బజార్లో తిరిగిన నాణెం బరువు కంటే ఎక్కువ ఉంటుంది.

కొలమానాల్లో పదే పదే కాలు జారే చోట్లు కొన్ని. ట్రాయ్ ఔన్సు 31.1035 గ్రాములు, మామూలు ఔన్సు 28.35. తేడా పది శాతం వరకు. రోమన్ పౌను 322 నుంచి 327 గ్రాముల మధ్య ఏదో ఒకటి అని పండితులు లెక్కగడతారు. ఒక్క అంకె పట్టుకోకుండా రెండు చివరలూ మోసుకుంటూ పోవాలి. రోమన్ బంగారు నాణెం ఔరియస్ అగస్టస్ చక్రవర్తి నాడు పౌనుకు సుమారు 40, నీరో క్రీ.శ. 64లో 45కు మార్చాడు, డయోక్లెటియన్ నాటికి 60, కాన్‌స్టంటైన్ తెచ్చిన సాలిడస్ 72. అంటే 8 గ్రాముల పైచిలుకు నాణెం నాలుగున్నర గ్రాములకు దిగింది. 'ఒక బంగారు నాణెం' అని అనువాదంలో కనిపిస్తే ఇందులో ఏదన్నది మూలంలో చూడాల్సిందే. అరుగుదల ఇంకో తిరకాసు. బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ పూర్తి బరువు 7.988 గ్రాములైతే చెల్లుబాటుకు కనీస బరువు 7.938. లక్షల నాణేలను గుణించేటప్పుడు ఈ చిన్న తేడా కూడా కిలోల్లోకి వెళ్తుంది.

బ్రిటన్ సంగతి వచ్చింది కాబట్టి అన్నిటికంటే ఎక్కువమందిని పడగొట్టే అంకె చెప్తాను: ఔన్సుకు 3 పౌండ్ల 17 షిల్లింగుల 10½ పెన్నీలు. దశాంశాల్లో 3.89375 పౌండ్లు. 18, 19వ శతాబ్దాల పత్రాలన్నిటా ఇదే ఉంటుంది. కానీ ఇది 'స్టాండర్డ్' ఔన్సు ధర, అంటే 22 క్యారెట్లది. మేలిమి ఔన్సుకు కావాలంటే 12/11తో గుణించాలి, 4.2477 వస్తుంది. సరిచూసుకునే దారి కూడా ఉంది. అమెరికాలో 1830ల నుంచి 1933 దాకా చట్టప్రకారం మేలిమి ఔన్సు 20.67 డాలర్లు. దాన్ని 4.2477తో భాగిస్తే 4.866. ఆ కాలపు డాలరు–పౌండు మారకం రేటు సరిగ్గా అదే. 3.89తో భాగిస్తే 5.31 వచ్చి, లేని తేడా ఒకటి పుట్టుకొస్తుంది. రెండు దేశాల ధరలను ఒకే గ్రాఫులో పెట్టేముందు ఇలాంటి ఎదురులెక్క ఒకటి తప్పనిసరిగా చెయ్యండి.

ఇప్పుడు మీ గ్రాఫు దగ్గరికి వద్దాం. అందులో రోమన్ కాలంలో గీత ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుందన్నారు. నీరో తర్వాత పౌను బంగారం అంటే 45 ఔరియస్‌లు, ఔరియస్‌కు 25 దినారియస్‌లు (రోమన్ వెండి నాణేలు), మొత్తం 1,125. డయోక్లెటియన్ 301లో ఇచ్చిన ధరల శాసనంలో పౌను బంగారం 72,000 దినారియస్‌లు. అరవై నాలుగు రెట్లు! బంగారం ఖరీదు పెరిగిందా? పెరిగిందేమీ లేదు. దినారియస్‌లోని వెండి మూడో శతాబ్దంలో దాదాపు ఆవిరైపోయి, చివరికి అది లెక్క రాసుకునే పేరుగా మిగిలింది. మీ గీత చూపిస్తున్నది బంగారం చరిత్ర కాదు, దినారియస్ పతనం. పైగా ఆ శాసనం గరిష్ఠ ధరల జాబితా, బజారు ధరల పట్టిక కాదు. ఇంతకు మించి అమ్మితే మరణశిక్ష అని ప్రకటించాల్సి వచ్చిందంటే, బజార్లో అంతకు మించే నడుస్తోందని అర్థం చేసుకోవాలి.

అదే గ్రాఫులో 1834–1933 మధ్య గీత బల్లపరుపుగా ఉంటుంది, మళ్లీ 1934–1971 మధ్య 35 డాలర్ల దగ్గర. ఇది మార్కెట్ శాంతంగా ఉండటం వల్ల కాదు. ధరను చట్టం కట్టిపడేసింది. అలాంటి కాలాల్లో బంగారం కొనుగోలు శక్తి మిగతా సరుకుల ధరల్లో కదులుతుంది. కాబట్టి ఆ కాలానికి చూడాల్సింది బంగారం ధరను కాదు, టోకు ధరల సూచీని తలకిందులు చేసి. అమెరికాలో 1933 ఏప్రిల్‌లో ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమన్నారు. 1974 డిసెంబరు 31 దాకా మామూలు పౌరుడు కడ్డీ కొనడానికి లేదు. కొనడానికి వీల్లేని సరుకుకు 35 డాలర్లన్నది ఎవరి ధర? కేంద్ర బ్యాంకుల మధ్య ధర. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆ ధరకు కేంద్ర బ్యాంకులకు బంగారం ఇవ్వడం కూడా ఆపేశాడు. 1973లో స్థిరపడిన 42.22 డాలర్లు అమెరికా ప్రభుత్వ ఖాతాల్లో ఇప్పటికీ పుస్తక విలువగా ఉంది, దాన్ని ధర అనుకుని పట్టికలో వేసినవాళ్లూ ఉన్నారు. లండన్ మార్కెట్ రోజూ ప్రకటించే ధర 1919 సెప్టెంబరు 12న మొదలైంది, మేలిమి ఔన్సుకు 4 పౌండ్ల 18 షిల్లింగుల 9 పెన్నీలతో. 1939 నుంచి 1954 దాకా ఆ మార్కెట్ మూతపడింది. ఆ పదిహేనేళ్లకు ఎవరైనా 'లండన్ మార్కెట్ ధర' చూపిస్తే ఎక్కడిదని అడగండి. 1971 తర్వాత సమస్య వేరు: రోజు ధరా, ఏడాది సగటా, ఏడాది చివరిదా? 1980 జనవరి 21న లండన్‌లో 850 డాలర్లు పలికింది, ఆ ఏడాది సగటు మాత్రం 600 పైచిలుకే. ఏది వాడినా పర్లేదు, కానీ ఒకే గీతలో కొన్నేళ్లకు శిఖరం, కొన్నేళ్లకు సగటు కలపకూడదు.

ధరల కంటే పాత కాలాలకు బాగా ఉపయోగపడే కొలమానం బంగారం–వెండి నిష్పత్తి. ఒక బరువు బంగారానికి ఎన్ని బరువుల వెండి అన్నది. దీనికి నాణెం పేర్ల గొడవ తక్కువ. ఇప్పటి టర్కీలోని ప్రాచీన లిడియా రాజు క్రీసస్ నాణేల్లో సుమారు 13, రోమ్‌లో 12 చుట్టుపక్కల, 1600 ప్రాంతంలో స్పెయిన్‌లో 12 పైన ఉంటే మింగ్ చైనాలో అందులో సగమే. ఈ తేడానే వెండిని తూర్పుకు, బంగారాన్ని పడమరకు లాగింది. 1717లో న్యూటన్ టంకశాల అధికారిగా ఉండగా గినీ అనే బంగారు నాణేన్ని 21 షిల్లింగులకు కట్టారు. అది యూరప్ నిష్పత్తి కంటే బంగారానికి కొంచెం ఎక్కువ ఇవ్వడమే. వెండి దేశం దాటింది, బంగారం మిగిలింది. బంగారు ప్రమాణానికి మారుతున్నామని ఎవరూ తీర్మానం చెయ్యకుండానే బ్రిటన్ మారిపోయింది.

నిష్పత్తికీ ఒక గొయ్యి ఉంది. జపాన్ రేవులు 1859లో తెరిచినప్పుడు అక్కడ నిష్పత్తి 5, బయట పదిహేనున్నర అని రాస్తారు. విదేశీయులు వెండి తెచ్చి కోబాన్ అనే బంగారు నాణేలు కొనుక్కుపోయారన్నది నిజం. 1860లో కోబాన్ బరువును దాదాపు మూడో వంతుకు దించాకే అది ఆగింది. కానీ ఆ 5 లోహాల మధ్య నిష్పత్తి కాదు. జపాన్ వెండి నాణేనికి ప్రభుత్వం దాని లోహానికి మించిన విలువ కట్టింది. విదేశీ వెండిని బరువుకు బరువుగా మార్చాలని ఒప్పందంలో రాయించుకోవడంతో తేడా అంతా బయటివాళ్ల జేబులోకి పోయింది. నాణేల ముఖవిలువ నుంచి నిష్పత్తి తీసేముందు ఆ వెండి నాణెం నిజంగా వెండి విలువకే చెల్లుతోందా అని చూడాలి.

ఇక రాత ఆధారాలను ఎలా చదవాలో ఒక ఉత్తరం పట్టుకుని చూద్దాం. 1887లో ఈజిప్టులో అమార్నా దగ్గర మట్టిపలకల ఉత్తరాలు దొరికాయి, క్రీ.పూ. 14వ శతాబ్దివి. వాటిలో పదో నంబరు ఉత్తరంలో బాబిలోనియా రాజు బుర్నబురియాష్ ఫారోకు ఫిర్యాదు చేస్తాడు: మీరు పంపిన 20 మినాల బంగారాన్ని కొలిమిలో పెడితే 5 మినాలు కూడా తేలలేదని. మినా సుమారు అర కిలో. అంటే పది కిలోలు పెడితే రెండున్నర కిలోలు కూడా రాలేదంటున్నాడు. చాలామంది దీన్ని 'ఫారో కల్తీ బంగారం పంపాడు' అని రాసి ముందుకెళ్తారు. కొంచెం ఆగండి. సీసంతో పుటం పెడితే రాగి, తగరం లాంటివి మాడి సీసంలో కలిసిపోతాయి. వెండి పోదు, బంగారంతోనే ఉంటుంది. బంగారం నుంచి వెండిని ఉప్పుతో కాల్చి వేరు చేసే పద్ధతికి గట్టి పురావస్తు ఆధారం క్రీ.పూ. 6వ శతాబ్దంలో లిడియా రాజధాని సర్దిస్‌లోనే దొరుకుతుంది, ఈ ఉత్తరానికి ఎనిమిది వందల ఏళ్ల తర్వాత. కాబట్టి పోయిన ముప్పాతిక భాగం ప్రధానంగా రాగి అయి ఉండాలి. ముప్పాతిక రాగి ఉన్న ముద్ద ఎర్రగా ఉంటుంది. కొలిమిదాకా ఎందుకు, ఏ కంసాలైనా చూడగానే చెప్తాడు. అయితే దారిలో ఎవరో మార్చారు, లేదా రాజుగారు గోరంతను కొండంత చేస్తున్నారు. అదే రాజు ఇంకో ఉత్తరంలో, ముందు పంపిన బంగారాన్ని మీరు స్వయంగా చూసుకోలేదు, మీ అధికారి ఎవరో ముద్ర వేసి పంపాడు అంటాడు. ఫారోను నిందించకుండా ఇంకొంచెం బంగారం రాబట్టుకునే మాటకారితనం అది. ఉత్తరం దేన్ని రుజువు చెయ్యదు? నిజంగా ఎంత పోయిందన్నది. దేన్ని చేస్తుంది? వచ్చిన బంగారాన్ని రాజదర్బారులో తూకంతో సరిపెట్టుకోకుండా పుటం వేసి చూసేవారని, బంగారం విలువ బరువు మీదే కాక నిగ్గు మీదా ఆధారపడేదని. మీ వ్యాసానికి ఈ రెండోదే ఎక్కువ విలువైనది.

ఇదే పద్ధతి మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీకి కూడా వర్తిస్తుంది. ఇండియా, చైనా, అరేబియాలు ఏటా సామ్రాజ్యం నుంచి 10 కోట్ల సెస్టర్సులు (రోమన్లు లెక్కలు రాసుకునే నాణెం) లాగేస్తున్నాయని రాశాడు, ఒక్క ఇండియాకే 5 కోట్లని ఇంకోచోట. అంతా బంగారమే అనుకుంటే 100 సెస్టర్సులకు ఒక ఔరియస్, మొత్తం పది లక్షల ఔరియస్‌లు, సుమారు 7 టన్నులు. కానీ చెల్లింపుల్లో వెండి దినారియస్‌లూ ఉన్నాయి, సరుకుకు సరుకూ ఉంది. పైగా అతను విలాసాలను తిట్టే సందర్భంలో ఈ మాటన్నాడు, సుంకం లెక్క చూపిస్తూ కాదు. పక్కన పెట్టి చూడాల్సింది రెండో శతాబ్దపు 'ముజిరిస్ పపైరస్', అంటే కేరళ తీరంలోని ముజిరిస్ రేవుతో జరిగిన వర్తకం మీది పత్రం. హెర్మపొలోన్ అనే ఒక్క ఓడ సరుకు విలువ అందులో దాదాపు 70 లక్షల సెస్టర్సులు. అలాంటి పదిహేను ఓడలతో ప్లినీ మొత్తం దాటిపోతుందని సంబరపడకండి. అది ఈజిప్టులో నాలుగో వంతు సుంకం కోసం కట్టిన విలువ, ప్లినీ అంకె బయటికి పోయిన సొమ్ము. కొన్న ధరకు నూరు రెట్లకు ఆ సరుకు రోమ్‌లో అమ్ముడవుతుందని ప్లినీయే అన్నాడు. రెండంకెలూ ఒకే తక్కెడలో తూగేవి కావు.

మాన్సా మూసా కథ మరీ చిత్రం. మాలి రాజు 1324లో హజ్ యాత్రకు పోతూ కైరోలో పంచిన బంగారంతో ఈజిప్టు ఆర్థిక వ్యవస్థే కుప్పకూలిందని ఎక్కడ చూసినా ఉంటుంది. మూలం అరబ్బు చరిత్రకారుడు అల్ ఉమరీ. అతను రాసింది ఇది: మూసా రాకముందు మిస్‌కాల్ (ఒక తూకం) బంగారం 25 దిర్హములకు (వెండి నాణేలకు) తగ్గేది కాదు. తర్వాత 22కో, అంతకు దిగువకో పడింది, పన్నెండేళ్లయినా కోలుకోలేదు. లెక్క చూస్తే తగ్గుదల 12 శాతం, లేదా కొంచెం ఎక్కువ. మార్కెట్లో ఇది పెద్ద కదలికే, కుప్పకూలడం మాత్రం కాదు. అదీ వెండితో పోల్చిన ధర, కాబట్టి వెండి వైపు ఏం జరిగిందో కూడా చూడాలి. మూలవాక్యం చదివితే పది నిమిషాల్లో తేలే సంగతి ఇది.

ప్రభుత్వ రిజిస్టర్లు నమ్మదగినవిగా కనిపిస్తాయి కానీ వాటిదీ అదే సమస్య. స్పెయిన్ నిధుల మీద ఆర్థిక చరిత్రకారుడు ఎర్ల్ హామిల్టన్ 1934లో వేసిన పట్టికలు సెవిల్లెలోని రిజిస్టర్ల నుంచి తీసినవి. వాటి ప్రకారం 17వ శతాబ్దం మధ్యకు రాబడి పడిపోయింది. తర్వాత చరిత్రకారుడు మిషెల్ మోరినో డచ్చి వార్తాపత్రికల్లో ఓడల రాక వార్తలు తవ్వి, అంత పడిపోలేదని చూపించాడు. పడిపోయింది రిజిస్టరు చేయించుకునే అలవాటు. పన్ను కోసం రాసిన పుస్తకంలో అంకె తగ్గితే సరుకు తగ్గిందా, ఎగవేత పెరిగిందా అన్నది ఆ పుస్తకం చెప్పలేదు, సరుకు దిగిన రెండో చివర చూడాలి. టంకశాల పుస్తకాలతో ఇంకో ప్రమాదం: పాత నాణేలు కరిగించి మళ్లీ కొట్టినా 'ఈ ఏడు కొట్టిన బంగారం' లెక్కలోకే వస్తుంది. అరిగిన నాణేలను వెనక్కి పిలిచిన ఏళ్లలో ఉత్పత్తి ఉప్పెనలా కనిపించేది అందుకే.

ల్యాబ్ రిపోర్టులు వాడేటప్పుడు నాలుగు ప్రశ్నలడగాలి. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష పైపొరను, మైక్రాన్లలో లెక్కపెట్టే లోతును మాత్రమే చూస్తుంది. నేలలో శతాబ్దాలు ఉన్న వస్తువు ఉపరితలం నుంచి రాగి, వెండి కరిగిపోయి బంగారం శాతం ఎక్కువ కనిపిస్తుంది. దక్షిణ అమెరికా కంసాలులైతే రాగి కలిపిన ముద్దను కాల్చి, కడిగి, కావాలనే పైపొరను బంగారంగా తేల్చేవారు. కనుక ఉపరితలాన్ని గీకి చూశారా, ఎన్ని చోట్ల చూశారు, అతుకు మీద చూడలేదు కదా, ఏ నమూనాతో పోల్చి సరిచేశారు అన్నవి రిపోర్టులో లేకపోతే ఆ శాతాన్ని ఒక అంచనాగానే తీసుకోండి. సాంద్రత పరీక్ష బోలుగా ఉన్న నగలకు పనికిరాదు, టంగ్‌స్టన్ నింపిన కడ్డీని పట్టుకోలేదు: బంగారం 19.3, టంగ్‌స్టన్ 19.25. ఇక ఉజ్జాయింపు గుర్తులు: ప్రకృతిలో దొరికే బంగారంలో వెండి ఎంతైనా ఉండొచ్చు, రాగి మాత్రం సాధారణంగా ఒకటి రెండు శాతం లోపే. అంతకు మించితే ఎవరో కలిపారు. ఆస్మియం, ఇరిడియం అనే లోహాల రవ్వలు కనిపిస్తే అది బహుశా ఏటి ఇసుకలో కడిగి తీసిన బంగారం.

సర్దిస్‌లో ఈ గుర్తులే పెద్ద సంగతి బయటపెట్టాయి. తొలి లిడియా నాణేలు ఎలక్ట్రమ్‌వి, బంగారం–వెండి మిశ్రమం. వాటిలో బంగారం 55 శాతం చుట్టూ ఉంటే, అక్కడి పాక్టోలస్ ఏటి బంగారం అంతకంటే చాలా మేలైనది. అంటే టంకశాల కావాలనే వెండి కలిపింది. నాణెం పుట్టినప్పుడే దాని విలువ లోహాన్ని బట్టి కాక ముద్రను బట్టి నడిచి ఉండొచ్చన్న వాదన ఇక్కడి నుంచే వచ్చింది. ఊరి పేరు చెప్పే పరీక్షలు కూడా ఉన్నాయి. జర్మనీలో దొరికిన కంచుయుగపు నెబ్రా ఆకాశఫలకం (ఆకాశం బొమ్మ ఉన్న కంచు పళ్లెం) మీది బంగారం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఉన్న కార్నన్ నది బంగారంతో సరిపోలిందని 2011లో తేల్చారు. కానీ నాలుగు చోట్ల బంగారం కలిపి కరిగించాక ఏ పరీక్షా మూలం చెప్పలేదు. నాణేల కాలంలో ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది.

మొత్తం ఉత్పత్తి అంకెలు కావాలంటే: 2024 చివరిదాకా తవ్వినది సుమారు 2,16,000 టన్నులని వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ అంచనా, భుజం 22 మీటర్లుండే ఒక ఘనం. మూడింట రెండు వంతులు 1950 తర్వాతదే. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్‌లో 1886లో ముడిరాయి దొరకడం, ముడిరాయి నుంచి బంగారాన్ని తీసే సయనైడ్ పద్ధతి 1887లో రావడం లేకపోతే 20వ శతాబ్దపు అంకెలు ఇలా ఉండేవే కావు. 1493కు ముందు కాలానికి ఎవరైనా టన్నులు చెబితే అది ఊహే. పదుల్లోనా వందల్లోనా అని చూసుకోవడానికి తప్ప కూడికలకు పనికిరాదు.

మీరు ఈ వారమే మొదలుపెట్టాలంటే ఒక చోటు, ఒక యాభై నుంచి వందేళ్లు ఎంచుకోండి. రాత ఆధారాలతో ఓపిక ఉంటే 1717–1797 బ్రిటన్ అందరికంటే సుళువు: ధరలు, టంకశాల లెక్కలు, మారకం రేట్లు మూడూ ఉన్నాయి, ఒకదాన్ని ఇంకొకదానితో తనిఖీ చెయ్యొచ్చు. 1797–1821 మాత్రం కలపకండి. అప్పుడు నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేశారు, టంకశాల ధర ఒకటి, బజారు ధర ఒకటి. నాణేల వైపు మొగ్గితే రోమన్ నాణేలకు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఓక్రే వెబ్‌సైటు, పపైరస్‌లకు పాపిరి డాట్ ఇన్ఫో, మట్టిపలకలకు క్యూనిఫార్మ్ డిజిటల్ లైబ్రరీ, స్పెయిన్ రిజిస్టర్లకు పారెస్ పోర్టల్, అమెరికా చట్టాలకూ నివేదికలకూ సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వు ఫ్రేజర్ ఉచితంగా దొరుకుతాయి. వేలంపాటల కేటలాగుల్లో బరువులు సాధారణంగా సరిగానే ఉంటాయి, మేలిమి శాతం మాత్రం పాత పుస్తకాల నుంచి ఎత్తి రాసింది కావచ్చు.

అక్కాడియన్ (ఆ మట్టిపలకల భాష), లాటిన్, అరబ్బీ రాకపోతే ఎలా అన్న అనుమానం రావచ్చు. అనువాదాలు చాలు, ఒక్క షరతు మీద: కొలమానాలను అనువదించకుండా అలాగే వదిలిన అనువాదం వాడండి. మిస్‌కాల్‌ను 'నాణెం' అనీ, మినాను 'పౌను' అనీ, సెస్టర్సులను నేటి డాలర్లనీ మార్చేసిన అనువాదం ఎంత హాయిగా చదివించినా, మీ పట్టికలో మొదటి గడికే పనికిరాదు.